పాలిష్ పట్టని బండలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. గొర్రెను వెంటబెట్టుకొని కిరాయి ఇల్లు వెతికి చూడు అని మూడోది ఎందుకు కలపలేదో నాకు తెలియదు. బహుశా ఆ రోజుల్లో ఎవరి గొర్రె వాళ్ల సొంత దొడ్లోనే ఉండేదేమో.

మా గొర్రె పేరు బొల్లి. నుదుటి మీద నుంచి ముక్కు దాకా తెల్లమచ్చ. కేతేపల్లిలో మా మామ ఉన్నన్నాళ్లు మంద ఉండేది. సర్కారు గొర్రెల స్కీము పెట్టినప్పుడు వచ్చినవి కూడా అందులో కలిశాయి. మామ పోయాక మందను అమ్మేసి మా అత్త నర్సింగమ్మ నల్గొండకు మా దగ్గరికి వచ్చింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో ఈ బొల్లి తాడు. తల్లి చచ్చిపోతే పాలసీసాతో పెంచిన పిల్ల అది. గొర్రెనన్న సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. అత్త మంచం కిందే పడుకునేది. అత్త దగ్గితే లేచి చూసేది.

ఆ ఎండాకాలం మా ఇంటి ఓనరు నాగేందర్ సారు కూతురి పెళ్లి పెట్టుకున్నాడు. పత్రికలు అచ్చయి వచ్చాయి. మూలలకు పసుపు రాసి వరండాలో బల్ల మీద ఆరబెట్టారు. బొల్లి ముందు పసుపు మూలలు తిన్నదో, గణపతి బొమ్మతో మొదలుపెట్టిందో చూసినవాళ్లు లేరు. మేం ఉరికేసరికి పెళ్లికొడుకు పేరు సగం దాని నోట్లోంచి వేలాడుతున్నది.

"పిలగాని పేరే తిన్నదమ్మా," అన్నాడు సారు. ఆ గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువ. "మీరంటే నాకు మంచిగనే ఉంటది. గని నేను కిరాయికిచ్చింది మనుషులకు, గొర్రెకు గాదు. పెండ్లి కాంగనె ఖాళీ చేయున్రి."

ఆయనది తప్పని నేను ఈ రోజుకూ అనను. పత్రికలు మళ్లీ అచ్చు వేయించుకున్నాడు పాపం, మమ్మల్ని ఒక్క మాట అనకుండా.

మా ఆయన ఎల్లేష్‌ది మోటార్ల వైండింగ్ దుకాణం. ఎండాకాలం అంటే బోర్లు ఎండే కాలం, మోటార్లు కాలే కాలం. అన్నం తినడానికే ఆయనకు తీరిక ఉండదు. కాబట్టి కుట్టుమిషను మూసిపెట్టి ఇంటి వేటకు నేనే బయల్దేరాను. కుక్క అయితే సరే అన్నవాళ్లున్నారు. పిల్లి అయితే చూద్దాం అన్నవాళ్లున్నారు. గొర్రె అనగానే అందరూ ఒక్కటే అడిగారు, "ఎప్పుడు కోస్తరు?" అని. ఒకాయనైతే మరీ మంచివాడు. "బోనాల పండుగ దాకా అయితే ఉంచుకోండమ్మా, గన్ని దినాలు ఓర్చుకుంటం," అన్నాడు.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా బిడ్డ వర్షిత బొల్లి మెడ పట్టుకొని ఏడ్చింది. అత్త ఏడవలేదు. మంచం నులక సరిచేస్తూ నెమ్మదిగా అన్నది.

"మీకెందుకు బిడ్డా తిప్పలు. నేను దీన్ని తీస్కొని కేతేపల్లిల మా చెల్లె ఈదమ్మ తాన ఉంట. అది యాడుంటే నేనాడ."

"గొర్రె కోసం మమ్ములను ఇడిచి పోతవా?" అన్నాను.

"మీరు బుద్ధి తెలిసినోళ్లు. దానికి ఎవలున్నరు?"

నాకు ఒళ్లు మండింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. వర్షిత కడుపులో ఉన్నప్పుడు నా కాళ్లు వాస్తే ఒళ్లో పెట్టుకొని ఆముదం రాసిన మనిషి మా అత్త. ఈమె వెళ్లిపోతే నేను రెండోసారి తల్లి లేనిదాన్ని అవుతాను. ఆ మాట ఆమెకు సూటిగా చెప్పడం నాకు రాదు, వినడం ఆమెకు రాదు. అందుకే ఇద్దరం ఏ గొడవ వచ్చినా గొర్రె మీద పెట్టి పోట్లాడుకునేవాళ్లం.

చివరికి దొరికింది భద్రమ్మ. పానగల్ రోడ్డులో ఆమెకు గాజుల దుకాణం. దుకాణం పక్కనే ఒక గదిలో తానుంటూ, వెనక ఉన్న జాగాలో కిరాయికివ్వడానికి ఇల్లు కడుతున్నది. పుట్టినప్పటి నుంచి పేడతో అలికిన ఇంట్లోనే బతికింది. అందుకే ఈ కొత్తింటి ముందు గదిలో మీగడ రంగు టైల్స్ వేయించి, ఆ గదిని రోజుకోసారి ఊరికే తుడుచుకునేది.

"గొర్రెకు నేనేం భయపడ," అన్నది నాతో. "మా తల్లిగారింట్ల బర్రెల పక్కన్నే పండుకున్నం. గని ఒక్క ముచ్చట బిడ్డా. రేపు మీరు పొయినంక దాని ఉచ్చ వాసన, గిట్టల గీతలు నాకు మిగులొద్దు. వెనక రెండు రూములు ఇంక కచ్చగనే ఉన్నయి. కింద ఏమేస్తె ఖరాబు గాదో మీరే తేల్చుకొని చెప్పున్రి. గదే ఏపిస్త."

అని నన్ను ముందు గదిలోకి తీసుకుపోయింది. "వంగి సూడు. మొఖం కనవడ్తది."

వంగి చూశాను. కనబడింది. ఇల్లిల్లూ తిరిగి నల్లబడ్డ నా ముఖం.

మరుసటి వారం అత్తను, బొల్లిని తీసుకుపోయి చూపించాను. అత్త గడప దగ్గరే ఆగిపోయింది.

"లోపలికి రా వదినె," అన్నది భద్రమ్మ.

అత్త ఆ మెరిసే నేలను ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది. బొల్లి తాడును దగ్గరికి లాక్కున్నది. "మా గొర్రె రాదు వదినె. దానికి జారుతది," అన్నది.

బొల్లి గడప మీద ముందుకాళ్లు పెట్టి లోపలికి తొంగి చూస్తున్నది. దాని ముఖంలో నాకైతే భయమేమీ కనబడలేదు. కానీ గొర్రె మనసు గొర్రెలకాపరికే తెలుస్తుందని ఊరుకున్నాను.

ఆ ఆదివారం మా వాకిట్లో పెద్ద పరీక్ష జరిగింది. మా ఆయన బండల గోదాముకు పోయి తలా ఒక ముక్క అడుక్కొచ్చాడు. మెరిసే టైలు, గరుకు టైలు, నల్ల గ్రానైటు, షాబాదు బండ, చాపలా చుట్టే ప్లాస్టిక్ షీటు. అన్నీ వరుసగా పరిచాడు. కాలిన మోటారును విప్పినప్పుడు ఎంత శ్రద్ధగా ఉంటాడో అంత శ్రద్ధగా మొదలుపెట్టాడు. రోకలి ఎత్తి ఒక్కో దాని మీద వేశాడు. పసుపు నీళ్లు పోశాడు. ఆ తర్వాత చెంబు పట్టుకొని బొల్లి వెనక తిరగడం మొదలుపెట్టాడు. గొర్రె ఉచ్చ కోసం ఒక పూట దుకాణం బంద్ పెట్టిన మొగోడు నల్గొండ జిల్లా మొత్తంలో మా ఆయన ఒక్కడే అయి ఉంటాడు.

"జర దూరం ఉండున్రి. మీరు నవ్వుతాంటె అది పోస్తలేదు," అని మమ్మల్ని కసిరాడు కూడా.

ప్లాస్టిక్ షీటును బొల్లి పరీక్ష కాకముందే మూలకు కొరికింది. రోకలి దెబ్బకు గరుకు టైలు అంచు లేచిపోయింది. మెరిసే టైలుకు, గ్రానైటుకు మరక అంటలేదు. షాబాదు బండకు అంటింది గానీ, తెల్లారి కొబ్బరిపీచుతో రుద్దితే పోయింది. రోకలి పడితే ఠంగుమన్నది, అంతే.

ఇక నడిచే పరీక్ష. ఒక్కో ముక్క మీద బొల్లిని నిలబెట్టే ముందు అత్త తన చెప్పు విప్పి, నా భుజం పట్టుకొని, తన పాదం దాని మీద మోపి చూసింది.

"నువ్వెందుకమ్మా తొక్కుతున్నవు?" అన్నాడు మా ఆయన.

"గొర్రె నోరు తెరిచి చెప్తదా? కాలికి ఎట్లుంటదో నేనే సూడాలె."

బొల్లి అన్నిటి మీదా ఒక్కతీరుగానే నిలబడ్డది. కానీ మెరిసే టైలు మీద దాని వెనకకాలు వణికిందని అత్త అన్నది. గ్రానైటు మీద ఇంకా ఎక్కువ వణికిందట. షాబాదు బండ మీద పాదం పెట్టినప్పుడు మాత్రం అత్త కాసేపు తీయలేదు. నా భుజం మీద బరువు తగ్గింది.

"గిది మంచిగున్నది," అన్నది. "బొల్లికి."

షాబాదు బండకు భద్రమ్మ వెంటనే ఒప్పుకున్నది. "మంచిదే. సల్లగుంటది, నా తర్వాత గూడ ఉంటది. పరిచినంక మిషిని పెట్టి పాలిష్ కొట్టిస్త. అద్దం లెక్క అయితది," అన్నది.

"పాలిష్ ఒద్దు వదినె," అన్నది అత్త. "పాలిష్ కొడితె మల్ల జారుడే. గరుకుగనే ఉండనియ్యి."

"గరుకుగ ఉంటె ఇల్లెట్లయితది? కొట్టమైతది."

"గొర్రె జారి కాలు ఇరిగితె?"

"అయితె నీ గొర్రె కోసం నా ఇంటి కళ తీస్కోవాల్నా?" భద్రమ్మ గొంతు లేచింది. "మా ఆయన ఉన్నప్పుడు అడిగిన, పొయినంక ఏపించుకున్న. మొఖం కనవడే ఇల్లు ఒక్కటి కావాలనుకున్న. గా ఒక్క ఆశ గూడ ఉండొద్దా నాకు?"

అత్త తల వంచుకున్నది. "ఉండాలె వదినె. ఎందుకుండొద్దు. నీ ఇల్లు, నీ ఇష్టం," అన్నది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అన్నది.

ఇంటికొచ్చి మూట కట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు చీరలు, మామ రుమాలు, ఆముదం సీసా.

"జారితె నాలుగు గోనె సంచులు పరుస్తం," అన్నాను. "మెత్తని పట్టాలు ఏస్తం. దానికి కాళ్లకు జోళ్లు కుట్టమంటె కుడ్త. నువ్వు పోవుడేంది?"

"సంచులు మడత పడితె కాలు తట్టుకొని పడుడే. వద్దు బిడ్డా. నాగేందర్ సారు బిడ్డ పెండ్లి అయిన తెల్లారి నన్ను బస్సెక్కియ్యి."

"పో. పోతె పో. నీకు మాకన్న గొర్రెనే ఎక్కువ."

అనేసి మిషను ముందు కూర్చున్నాను. ఆ రోజు కుట్టిన జాకెట్టుకు రెండు చేతులూ ఒకే పక్కకు వచ్చాయి. విప్పి మళ్లీ కుడుతుంటే కళ్లు మసకబారాయి.

మూఢం వస్తున్నదని, అది వస్తే మళ్లీ మంచి రోజు దొరకదని, వెనక గదుల్లో నేల పడకముందే భద్రమ్మ గృహప్రవేశం పెట్టుకున్నది. ఇల్లు కుదరకపోయినా మమ్మల్ని పిలిచింది. "కిరాయి కత వేరు, బువ్వ కత వేరు. అందరు రావాలె, గొర్రెతోని సహా," అన్నది.

పొద్దు పొడిచే వేళకు వెళ్లాం. గడపకు పసుపు, కుంకుమ. గుమ్మానికి మామిడాకులు, బంతిపూల దండలు. అయ్యగారు మంత్రాలు చదువుతున్నాడు. ముందు ఆవు లోపలికి పోవాలి, ఆ తర్వాతే ఇంటివాళ్లు. ఆవును వెనక వాడలో ఉండే ఐలేశం తోలుకొచ్చాడు. కొమ్ములకు పూలు కట్టి, నుదుట బొట్టు పెట్టారు.

ఆవు గడప దాటింది. ముందుకాళ్లు టైల్స్ మీద పెట్టింది. రెండు కాళ్లు రెండు దిక్కులకు పోయాయి. మోకాళ్ల మీద పడి, భయంతో కళ్లు తేలేసి, పెనుగులాడి లేచి వెనక్కి గుంజుకున్నది. ఐలేశం తాడు లాగాడు. అది రానన్నది. గడపకు ఇవతల నాలుగు కాళ్లూ పాతేసినట్టు నిలబడ్డది.

"గోమాత ఇంట్లకు రానంటున్నదే," అని ఎవరో అన్నారు. మెల్లగానే అన్నారు గానీ అందరికీ వినబడింది. భద్రమ్మ చేతిలో హారతి పళ్లెం ఉన్నది. ఆమె ముఖం ఆ టైల్స్ రంగుకు తిరిగింది.

ఐలేశం కట్టె ఎత్తాడు.

"కొట్టకు!" అన్నది అత్త. బొల్లి తాడు నా చేతిలో పెట్టి ముందుకు వచ్చింది. "అది మొండితనం గాదు, భయం. సంచులు తడిపి తేండ్రి."

ఉన్న సంచులు తడిపి పరిచారు. సగం గది దాకా వచ్చాయి. అత్త ఆవు చెవి దగ్గర ఏదో అన్నది, మందతో మాట్లాడే గొంతుతో. కుడిచేత్తో తాడు, ఎడమచెయ్యి దాని మెడ మీద. ఇద్దరూ గడప దాటారు. సంచుల మీద నడిచారు. సంచులు అయిపోయిన చోట ఇద్దరూ ఆగారు.

మా దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి బిగుసుకుపోయిన మోకాళ్లు అత్తవి. పూర్తిగా వంగవు, పూర్తిగా సాగవు. అది మాకు కొత్త కాదు కాబట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ పొద్దు చూశాను. ఆమె కాలివేళ్లు ఆ నున్నని నేలను పట్టుకోవాలని ముడుచుకుంటున్నాయి. పట్టు దొరకడం లేదు. ఎడమచెయ్యి ఆవు మెడ కింది తోలును గుప్పిట్లో బిగించింది. ఒక అడుగు వేసింది. ఆవు ఒక అడుగు వేసింది. మళ్లీ ఆగారు. చూసేవాళ్లకు ఆవును ఆమె నడిపిస్తున్నట్టే ఉన్నది. అవతలి గడప చేరగానే ఆవును వదిలి, కచ్చా నేల మీద అడుగు పెట్టి, గోడకు వీపు ఆనించి ఊపిరి పీల్చుకున్నది.

అందరూ చప్పట్లు కొట్టారు. అయ్యగారు గట్టిగా మంత్రం అందుకున్నాడు.

ఆ సందట్లో నా చేతిలోని తాడు జారిపోయింది. బొల్లి గడప దాటి, సంచుల జోలికి పోకుండా, ఉత్త టైల్స్ మీద టకటకా నడుచుకుంటూ గది మధ్యకు పోయింది. ఒక్క కాలు తడబడలేదు. అక్కడ ఆవు కొమ్ము నుంచి రాలిన బంతిపూల దండ పడి ఉన్నది. తీరిగ్గా నిలబడి దాన్ని నమలడం మొదలుపెట్టింది.

మా పాత ఇంట్లో అత్త గోడ వెంబడే ఎందుకు నడుస్తుందో, వాకిట్లో నా భుజం ఎందుకు పట్టుకున్నదో, కేతేపల్లి మూట ఎవరి కాళ్ల కోసమో అన్నీ ఒక్కసారే తెలిశాయి. పక్కకు చూశాను. హారతి పళ్లెం పట్టుకొని భద్రమ్మ కూడా చూస్తున్నది. ముందు గొర్రె వైపు చూసింది. తర్వాత గోడకు ఆనుకొని నిలబడ్డ అత్త వైపు చూసింది. పళ్లెం పట్టుకొని లోపలికి నడిచింది.

భోజనాలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. మేస్త్రి తాంబూలం తీసుకుంటూ, "రేపటి సంది వెనక బండలు పరుస్తమమ్మా. పాలిష్ మిషిను ఎప్పుడు తెప్పియ్యాలె?" అని అడిగాడు.

"మిషిను ఒద్దు," అన్నది భద్రమ్మ. "ముందటి రూముల టైల్స్ గూడ తీసెయ్యి. గాడ గూడ బండలే పరువు, గరుకుయి."

"కొత్త టైల్స్ గదమ్మా! పిచ్చి గిట్ల లేసిందా?"

"గొర్రె జారుతది."

మేస్త్రి బొల్లి వైపు చూశాడు. అది ఇంకా ఆ టైల్స్ మధ్యలోనే నిబ్బరంగా నిలబడి రెండో దండ తింటున్నది. ఆయన ఏదో అనబోయాడు. భద్రమ్మ కళ్లు చూసి తాంబూలం సంచిలో పెట్టుకున్నాడు.

అత్త చాలాసేపు కొంగు అంచు సరిచేసుకున్నది. తర్వాత అన్నది, "అవు వదినె. దానికి జారుతది."

"మస్తు జారుతది," అన్నాను నేను కూడా. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఇంటికి పోయి ఆ మూట నేనే విప్పాను. రెండు చీరలు దండెం మీద వేశాను. అత్త మంచం మీద కూర్చొని చూసింది గానీ వద్దనలేదు.

తీసిన టైల్స్‌లో పగలకుండా మిగిలినవి భద్రమ్మ తన దుకాణం గోడకు అతికించుకున్నది. గాజులు తొడిగించుకోవడానికి వచ్చినవాళ్లకు చేతులతో పాటు ముఖం కూడా కనబడుతుందని చెప్పుకుంటుంది.

ఇప్పటికీ మేం ఆ ఇంట్లోనే ఉన్నాం. బండలు నడిచి నడిచి ఒక రంగుకు వచ్చాయి. పసుపు మరకలున్నాయి, మిషను నూనె మరకలున్నాయి. భద్రమ్మ చూసి కూడా చూడనట్టు పోతుంది. బొల్లి పోయిన చలికాలంలో పోయింది. ముసలిదైంది, మంచం కిందే నిద్రలో పోయింది. దాని మెడ గంట తలుపు పక్కన మేకుకు వేలాడుతున్నది.

మొన్న ఒక పిలగాడు మిషను బండి మీద పెట్టుకొని వాడవాడా తిరుగుతూ మా గుమ్మం ముందు ఆగాడు. లోపలికి తొంగి చూసి, "మంచి బండలమ్మా, ఊకెనే ఖరాబు చేస్తున్నరు. పాలిష్ పడితె అద్దం లెక్క మెరుస్తయి," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే దుకాణంలోంచి భద్రమ్మ గొంతు వినబడింది.

"ఒద్దు నాయినా. ఇంట్ల గొర్రె ఉన్నది. జారుతది."

పిలగాడు గొర్రె కోసం అటూ ఇటూ చూశాడు. అప్పుడే అత్త వంటింట్లోంచి వచ్చింది. రెండు చేతుల్లో రెండు చాయ గ్లాసులు. గోడ పట్టుకోకుండా, రెండు గదులూ దాటి, భద్రమ్మ దగ్గరికి నడిచింది.